పర్చూరు మీదుగా ఒక గీత

అది ఫిబ్రవరి నెల. పర్చూరు చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. మా బాబాయి ఆరబోసిన మిరపకాయల్ని కాలితో తిరగదోస్తూ మోత వినపడి తలెత్తాడు. నడినెత్తిన ఏమీ కనపడలేదు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికితే, మోత వచ్చిన చోటికి బాగా ముందు, ఈశాన్యంగా పోతున్న విమానం కనిపించింది.

"ఎక్కడికబ్బాయ్ అది?"

"కడప నుంచి గన్నవరం పోతుంది బాబాయ్."

"మనూరి మీదగానా?"

"పటం మీద గీత గీస్తే మనూరి పక్కనుంచే పోద్ది."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మరి కడప పోవాలంటే మనం గన్నవరం దాకా పోయి ఎక్కి, మళ్లీ ఇక్కడికే రావాలా?"

ఎయిర్‌పోర్టులో టికెట్ కొనేవాళ్లు అడగని ప్రశ్న ఇది. రెండు చిన్న విమానాశ్రయాల మధ్య దూరం ఎంత, ప్రయాణానికి ఎంత సేపు పడుతుంది అని అడిగితే రెండు అంకెలు వస్తాయి. ఆ రెండింటికీ ఉన్న సంబంధం మనం అనుకునేంత తిన్ననిది కాదు. మధ్యలో ఉన్న మా ఊళ్లో నిలబడి చూస్తే అది ఇంకా బాగా తెలుస్తుంది.

జిల్లాలు మారినా మారని అంకెలు

పర్చూరు 1970 దాకా గుంటూరు జిల్లా. అప్పటి నుంచి 2022 దాకా ప్రకాశం జిల్లా. ఇప్పుడు బాపట్ల జిల్లా. చిరునామా ఇన్నిసార్లు మారినా భూగోళం మీద ఊరి చిరునామా మాత్రం అదే: సుమారు 15.96 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.27 డిగ్రీల తూర్పు రేఖాంశం. విమానాలకు పనికొచ్చేది ఈ చిరునామానే.

గన్నవరం విమానాశ్రయం 16.53 ఉత్తరం, 80.80 తూర్పు. కడప 14.51 ఉత్తరం, 78.77 తూర్పు. ఈ నాలుగు అంకెలుంటే దూరం కట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం ముక్క చాలు.

భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360 డిగ్రీలతో భాగిస్తే ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాలుగా ఎక్కడ కొలిచినా ఇంచుమించు ఇంతే. తూర్పు పడమరలుగా కొలిస్తే మాత్రం తేడా వస్తుంది. రేఖాంశాలన్నీ ధ్రువాల దగ్గర కలుసుకుంటాయి గనక, భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ వాటి మధ్య ఎడం తగ్గుతుంది. నారింజ తొనలు నడుమ లావుగా ఉండి కొసల్లో సన్నబడ్డట్టు. మన ప్రాంతంలో ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 107 కిలోమీటర్లు.

గన్నవరం, కడపల మధ్య అక్షాంశంలో తేడా 2.02 డిగ్రీలు. 111తో హెచ్చిస్తే 224 కిలోమీటర్లు దక్షిణానికి. రేఖాంశంలో తేడా 2.03 డిగ్రీలు. 107తో హెచ్చిస్తే 217 కిలోమీటర్లు పడమరకు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు దొరికాయి, ఇక కర్ణం కట్టడమే: 312 కిలోమీటర్లు. పదో తరగతి పిల్లలు చేసే లెక్కతో విమానాల దూరం వచ్చేసింది.

పైలట్లు దీన్ని కిలోమీటర్లలో చెప్పరు, నాటికల్ మైళ్లలో చెబుతారు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నాటికల్ మైలు. ఓడల కాలంలో అలా పుట్టిన కొలతను తర్వాత 1,852 మీటర్లుగా ఖాయం చేశారు. అక్షాంశం తెలిస్తే ఉత్తర దక్షిణాల దూరం దానంతట అదే తెలుస్తుందన్నది దీని సుళువు. మన 312 కిలోమీటర్లు 168 నాటికల్ మైళ్లు.

ఆ కర్ణం వెంబడి గన్నవరం నుంచి 84 కిలోమీటర్లు వస్తే ఎడమ చేతి వైపు మూడున్నర కిలోమీటర్లలో పర్చూరు ఉంటుంది. అంటే గీత ఊరి నడిబొడ్డున కాక వాయవ్యపు పొలాల మీదుగా పోతుంది. మా బాబాయి కల్లం అటువైపే.

దారం చెప్పే మాట

ఇంత చిన్న దూరాలకు భూమి గుండ్రదనం పెద్దగా అడ్డం రాదు. అరచెయ్యంత మేర తీసుకుంటే గోళమైనా బల్లపరుపుగానే అనిపిస్తుంది. దూరం పెరిగితే పటం మోసం చేస్తుంది.

మా వైపు పత్తి, మిరప పండించే ఊళ్ల నుంచి డాలస్ వెళ్లి స్థిరపడ్డ పిల్లలు చాలామంది ఉన్నారు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు దగ్గర దారి ఎటు అని అడిగితే గోడమీది ప్రపంచ పటం చూసి, పడమరకు, అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా అంటారు. బడిలో ఉండే గ్లోబు తెచ్చి రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టండి. దారం నేరుగా ఉత్తరానికి లేస్తుంది. ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్లు అటూ ఇటూగా దాటి, అవతలి వైపు కెనడా మీదుగా డాలస్‌కు దిగుతుంది. పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు. గోళం మీద అతి దగ్గర దారి ఇదే. దీన్ని మహావృత్త చాపం అంటారు. రెండు విమానాశ్రయాల మధ్య 'దూరం' అని ఎక్కడ రాసి ఉన్నా అది ఈ బిగించిన దారం పొడవే.

అయితే ఆ దారం మీద విమానం నడవాలన్న నియమమేమీ లేదు. గన్నవరం, కడపల మధ్య కూడా అంతే.

గీత తిన్ననిది, దారి వంకరది

గన్నవరం విమానాశ్రయం రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటిది. దాని రన్‌వే కొసల్లో 08, 26 అని అంకెలుంటాయి. వాటి పక్కన సున్నా చేరిస్తే దిక్కు తెలుస్తుంది: దిక్సూచిలో 80 డిగ్రీలు, అంటే దాదాపు తూర్పు, 260 డిగ్రీలు, అంటే దాదాపు పడమర. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. అప్పుడే తక్కువ పరుగుతో రెక్కలకు చాలినంత గాలి అందుతుంది. గాలిపటం ఎగరేసే పిల్లవాడు గాలికి ఎదురు పరిగెత్తడం ఇందుకే.

కడప ఉన్నది గన్నవరానికి నైరుతిగా, సుమారు 224 డిగ్రీల దిక్కున. జూన్, జులైల్లో పడమటి గాలి కొడుతున్నప్పుడు విమానం పడమరకు లేచి, ఎడమకు కొద్దిగా ఒరిగితే చాలు, దారిలో పడుతుంది. సంక్రాంతి రోజుల్లో తూర్పు, ఈశాన్యపు గాలి వీస్తున్నప్పుడు తూర్పుకు లేవాలి. అంటే పోవలసిన ఊరికి వీపు పెట్టి బయల్దేరినట్టు. లేచాక 144 డిగ్రీలు వెనక్కి తిరగాలి. అదే విమానం, అదే 312 కిలోమీటర్లు, కానీ పైరు మీద వీచే గాలి మారినందుకు నాలుగైదు నిమిషాల తేడా వస్తుంది.

లేచాక కూడా ఆకాశం అంతా ఖాళీ కాదు. పటాల మీద పేర్లు పెట్టిన బిందువులుంటాయి. వాటిని కలుపుతూ వాయుమార్గాలుంటాయి. పడమటి వైపు పోయేవాటికి సరి వేల అడుగుల ఎత్తులు, తూర్పు వైపు వచ్చేవాటికి బేసి వేల అడుగులు. కడప పోయేది 16,000 అడుగుల్లో పోతే వచ్చేది 17,000 అడుగుల్లో వస్తుంది. ఎదురెదురుగా వచ్చినా మధ్యలో వెయ్యడుగుల ఎడం ఉంటుంది.

కొన్నిచోట్ల దారి మూసేస్తారు కూడా. గన్నవరం నుంచి తిరుపతి విమానాశ్రయానికి, అంటే రేణిగుంటకు, గీత గీస్తే అది 349 కిలోమీటర్లు. ఆ గీత సరిగ్గా బాపట్ల దగ్గరి సూర్యలంక మీదుగా సముద్రంలోకి దిగి, కావలి దగ్గర మళ్లీ ఒడ్డెక్కుతుంది. సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది. క్షిపణులను పరీక్షగా పేల్చే చోటు అది. 2023 డిసెంబరులో అస్త్రశక్తి విన్యాసాలు జరిగింది అక్కడే. ఇలా పేల్చే రోజుల్లో ఆ మేర గగనతలాన్ని మూసి ముందుగానే విమానాలకు తెలియజేస్తారు. అప్పుడు విమానం ఆ మేరను చుట్టి పోవాలి. తీర్థం నాడు రోడ్డు మూస్తే పొలాల గట్టున తిరిగి పోయినట్టే.

కల్లమూ చందమామా

మా బాబాయి నెత్తిన పోయిన విమానం ఎంత ఎత్తున ఉంటుంది? దీనికీ ఒక సుళువు లెక్క ఉంది. దిగేటప్పుడు ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ మూడు నాటికల్ మైళ్ల దూరం కావాలని పైలట్లు లెక్కేసుకుంటారు. 17,000 అడుగుల్లో వచ్చేది 51 నాటికల్ మైళ్ల ముందే, అంటే గన్నవరం ఇంకా 94 కిలోమీటర్లు ఉండగానే, దిగడం మొదలుపెట్టాలి. పటం చూస్తే ఆ చోటు మార్టూరు, ఇంకొల్లుల మధ్య ఎక్కడో పడుతుంది. పర్చూరు పక్కకొచ్చేసరికి 45 నాటికల్ మైళ్లు మిగులుతాయి. మూడుతో భాగిస్తే 15,000 అడుగులు, సుమారు 4.6 కిలోమీటర్లు. గన్నవరం కంట్రోల్ వాళ్లు వేరేలా చెబితే తప్ప ఇంచుమించు ఇంతే.

ఈ దారిలో తిరిగిన ఏటీఆర్ 72 విమానం పొడవు 27 మీటర్లు, రెక్కల వెడల్పు కూడా 27 మీటర్లే. 4.6 కిలోమీటర్ల దూరంలో అది మన కంటికి పున్నమి చందమామ వెడల్పులో మూడింట రెండు వంతులుగా కనిపిస్తుంది. దాని మోత నేలకు దిగడానికి 14 సెకన్లు పడుతుంది. ఆలోగా విమానం దాదాపు రెండు కిలోమీటర్లు ముందుకు పోతుంది. మా బాబాయికి మోత వచ్చిన చోట ఏమీ కనపడకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు పైనుంచి చూద్దాం. ఏటీఆర్ రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కాబట్టి కిందకి చూపుకు అడ్డం తక్కువ. పావెకరం కల్లం నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 32 మీటర్లు. అంత ఎత్తు నుంచి అది చందమామలో ముప్పావు వంతు. బాబాయికి విమానం ఎంత కనిపించిందో, విమానంలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు బాబాయి కల్లం దాదాపు అంతే కనిపించింది, ఎర్రటి చందమామ ముక్కలాగా. నల్లరేగడి మీద శనగ చేలు, ఎండిన పత్తి చేలు, వాటి మధ్య ఎర్రటి చుక్కలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ దారిలో వెళ్లినవాళ్లు పటం లేకుండానే మా ప్రాంతాన్ని గుర్తుపడతారు.

37 నిమిషాలు 65 ఎలా అయ్యాయి

ఏటీఆర్ వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. 312ను 500తో భాగిస్తే 37 నిమిషాలు. కానీ ఇలాంటి దూరాలకు టికెట్ మీద గంటకు పైనే రాసి ఉంటుంది. మిగతా సమయం ఎటు పోయింది?

విమాన సమయాన్ని చక్రాల కింద పెట్టిన చెక్కలు తీసిన క్షణం నుంచి గమ్యంలో మళ్లీ చెక్కలు పెట్టే క్షణం దాకా కొలుస్తారు. దీన్నే బ్లాక్ టైం అంటారు. ఒక మోస్తరు లెక్క వేద్దాం. నిలిచిన చోటు నుంచి రన్‌వే చివరికి దొర్లడానికి ఐదు నిమిషాలు. లేచాక తిరగడానికి నాలుగు. పైకి ఎక్కుతున్నప్పుడు పూర్తి వేగం ఉండదు కాబట్టి అక్కడ నాలుగు. దిగేటప్పుడు వేగం తగ్గించుకుంటూ, రన్‌వేకి ఎదురుగా వరసలోకి రావడానికి ఆరు. దిగాక నిలిచే చోటికి దొర్లడానికి నాలుగు. గాలికీ వానకూ ఇంకో ఐదు దగ్గర పెట్టుకుంటారు. అన్నీ కలిపితే 28. 37కు కలిపితే 65 నిమిషాలు.

ఈ 28 నిమిషాలు దూరాన్ని బట్టి మారేవి కావు. గన్నవరం నుంచి ఢిల్లీ పోయినా కడప పోయినా ఇంచుమించు అంతే కట్టాలి. బస్సు టికెట్‌లో రిజర్వేషన్ చార్జీలాంటివి. దూరప్రయాణంలో పెద్దగా తెలియదు, దగ్గర ప్రయాణంలో సగం తినేస్తుంది.

'జెట్ వేస్తే తొందరగా పోదా' అని అడగొచ్చు. జెట్ తన 830 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేది పదకొండు పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కాక. ఇంత చిన్న దారిలో అది ఆ ఎత్తుకు ఎక్కేలోగా దిగే వేళవుతుంది. మిగిలేది పది నిమిషాలకు మించదు, కాలే ఇంధనం మాత్రం చాలా ఎక్కువ. చిన్న ఊళ్ల మధ్య ఫ్యాన్ల విమానాలు నిలిచింది ఇందుకే. సరుకు పక్క ఊరికి వెయ్యాలంటే లారీ కట్టం కదా, ట్రాక్టరే కడతాం.

గాలి తీసుకునే సుంకం

ఎదురు గాలి ఆలస్యం చేస్తుంది, వెనక గాలి తోస్తుంది, రానూపోనూ లెక్కిస్తే సరిపోతుంది అనుకుంటాం. సరిపోదు. గంటకు 50 కిలోమీటర్ల గాలి కడప వైపు నుంచి వీస్తోందనుకుందాం. పోయేటప్పుడు నేల మీద వేగం 450, పట్టేది 41 నిమిషాల 36 సెకన్లు. వచ్చేటప్పుడు వేగం 550, పట్టేది 34 నిమిషాల 2 సెకన్లు. మొత్తం 75 నిమిషాల 38 సెకన్లు. గాలే లేకపోతే 74 నిమిషాల 53 సెకన్లు. గాలి 45 సెకన్లు సుంకం పట్టింది.

ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువ సేపు ఉంటాం. నష్టం జరిగే సమయం ఎక్కువ, లాభం వచ్చే సమయం తక్కువ. కృష్ణలో పడవ వేసుకుని ఎగువకు పోయి దిగువకు వచ్చేవాళ్లకూ ఇదే లెక్క. ప్రవాహం ఏ పక్కకున్నా రానూపోనూ ప్రయాణంలో ఎప్పుడూ నష్టమే.

నైరుతి రుతుపవనాల కాలంలో మన నెత్తిన కిలోమీటరున్నర ఎత్తులో పడమటి గాలి బలంగా ప్రవహిస్తుంది. పన్నెండు కిలోమీటర్లు దాటాక అదే కాలంలో గాలి తిరగబడి తూర్పు నుంచి ఉరుకుతుంది. ఏటీఆర్ పై పొరదాకా పోదు, కింద పొరలోనే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అందుకే జులైలో కడప పోయే విమానానికి ఎదురుగాలి, వచ్చేదానికి తోడుగాలి.

బాబాయి ప్రశ్న

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. పర్చూరు నుంచి కడప పోవాలి. గీత మీద మిగిలింది 228 కిలోమీటర్లే. అద్దంకి వైపు నుంచి కారులో పోతే రోడ్డు దాదాపు 290 కిలోమీటర్లు. గంటకు 50 చొప్పున 5 గంటల 48 నిమిషాలు.

విమానంలో పోతే ఇలా ఉంటుంది. చిలకలూరిపేట, గుంటూరు, విజయవాడ మీదుగా గన్నవరానికి 115 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. ఎయిర్‌పోర్టులో తనిఖీలు, ఎదురుచూపులు గంటన్నర. విమానం దొర్లడం, తిరగడం వగైరా 28 నిమిషాలు. కడపలో దిగి సామాను తీసుకుని ఊళ్లోకి పోవడానికి 40 నిమిషాలు. ఇదంతా నేల ఖర్చు, 308 నిమిషాలు. ఆకాశంలో అసలు ప్రయాణం 37 నిమిషాలు. మొత్తం 345 నిమిషాలు, అంటే 5 గంటల 45 నిమిషాలు.

మిగిలింది మూడు నిమిషాలు. చెప్పగానే బాబాయి నవ్వాడు. "చిలకలూరిపేటలో టీ తాగితే అదీ అయిపోద్ది."

ఈ లెక్కను ఎవరి ఊరికి వాళ్లు కట్టుకోవచ్చు. వంద కిలోమీటర్లకు రోడ్డు మీద రెండు గంటలు, విమానానికి 12 నిమిషాలు. ప్రతి వందకూ మిగిలేది 108 నిమిషాలు. నేల ఖర్చు 308 నిమిషాలైన పర్చూరువాసికి ఆ ఖర్చు తిరిగి రావాలంటే పోవలసిన ఊరు కనీసం 285 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. విజయవాడలో ఉండే మనిషికి ఎయిర్‌పోర్టు 35 నిమిషాలే గనక నేల ఖర్చు 193 నిమిషాలు, దూరం 180 దాటితే చాలు. అదే కడపకు ఆయనకు మూడు గంటలకు పైగా కలిసొస్తుంది. విమానం ఒకటే, టికెట్ ఒకటే. లాభం మాత్రం మన ఇల్లు ఎక్కడుందన్నదాన్ని బట్టి.

చిన్న విమానాశ్రయాలను కలపడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకంలో తొలి విమానాలు 2017 ఏప్రిల్ 27న లేచాయి. సిమ్లా నుంచి ఢిల్లీకి ఒకటి, అదే రోజు కడప నుంచి హైదరాబాద్‌కు ట్రూజెట్ ఏటీఆర్ ఇంకొకటి. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, కొన్ని సీట్లను 2,500 రూపాయలకే ఇవ్వాలన్నది అప్పటి నియమం. గంటకు 500 కిలోమీటర్లన్న ఆ కొలతలోనే ఏటీఆర్ వేగం దాగి ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పుట్టిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. ఆ ఏడాదే ఇండిగో ఏటీఆర్‌లు కడప నుంచి విజయవాడకు, అంటే గన్నవరానికి, తిరగడం మొదలెట్టాయి. కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో తెరుచుకుంది. ఇవన్నీ ఆకాశంలోని 37 నిమిషాలను చవక చేసే ప్రయత్నాలు. నేల మీది 308 నిమిషాలు మాత్రం ఊరి రోడ్లు, బస్సుల చేతిలో ఉన్నాయి.

"మరి మన దగ్గర అద్దంకి పక్కన విమానాలు దిగాయిగా, అక్కడ ఎక్కించొచ్చుగా?" అన్నాడు బాబాయి. 16వ నంబరు జాతీయ రహదారి మీద, 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున సిమెంటు కాంక్రీటుతో వేసిన అత్యవసర పట్టీ అది. 2022 డిసెంబరు 29న ఒకసారి, 2024 మార్చి 18న మరోసారి వాయుసేన దాన్ని పరీక్షించింది. రెండోసారి సుఖోయ్‌లు, హాక్‌లు నేలకు దగ్గరగా వచ్చి మళ్లీ లేచాయి. ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి ఎగిరాయి కూడా. పొడవులో గన్నవరం రన్‌వేని మించినది. కానీ మామూలు రోజుల్లో దాని మీద తిరిగేవి లారీలే. ప్రయాణికుల విమానానికి రన్‌వే ఒక్కటే చాలదు. అగ్నిమాపక దళం, కంట్రోల్, తనిఖీలు, ఇంధనం కావాలి. అన్నిటికీ మించి రోజూ ఏటీఆర్‌లోని 78 సీట్లు నిండాలి.

చివరికి కడపకు కారులోనే వెళ్లాం. తిరుగు ప్రయాణంలో మాత్రం నేను పనిగట్టుకుని విమానం ఎక్కాను, ఈ లెక్కలు కళ్లారా చూద్దామని. కుడి వైపు కిటికీ సీటు తీసుకున్నాను. 4 గంటల 20 నిమిషాలకు ఇంజిన్ల మోత తగ్గింది, చెవులు కాస్త మూసుకున్నాయి, దిగడం మొదలైంది. రెండు నిమిషాల్లో నల్లరేగడి మీద ఎర్రటి చుక్కలు, చెరువు మెరుపు, ఊరి ఇళ్లు కిందుగా వెనక్కి జరిగాయి. మా ఊరు నాకు నాలుగున్నర కిలోమీటర్ల కిందే ఉంది.

ఇంటి గేటు తీసేసరికి రాత్రి 8 దాటింది. బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "నాలుగున్నరకు మోత విన్నా," అన్నాడు. "నువ్వేననుకున్నా. ఇంతసేపెందుకు పట్టింది?"